అమ్మ వచ్చే ఆదివారం ఎవరిది?

సలహా అడుగుతూ వచ్చిన ఈ ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. రాసినావిడ మిర్యాలగూడ పక్కన ఓ ఊళ్లో మిషన్ కుడతారు, భర్త డీసీఎం వ్యాను డ్రైవర్. పేరు వేయొద్దన్నారు. ఒక్కగానొక్క కొడుకు ప్రవేశ పరీక్ష రాసి ఐదో తరగతిలో గురుకులంలో చేరాడు, ఇప్పుడు ఏడు చదువుతున్నాడు. ఆ స్కూల్లో నెలకోసారి, రెండో ఆదివారం, తల్లిదండ్రులు వచ్చి పిల్లల్ని చూసుకోవచ్చు. ఆవిడ ఒక్క నెల కూడా మానలేదు. తెల్లవారుజామునే లేచి బగారా అన్నం, కోడికూర వండి, క్యారేజీ కట్టుకుని, రెండు బస్సులు మారి పదకొండింటికల్లా గేటు దగ్గరుంటారు. వేపచెట్టు కింద దుప్పటి పరుచుకుని తల్లీకొడుకులు తింటారు. మూడున్నరకి బెల్లు కొడితే పిల్లలు లోపలికి, పెద్దలు బస్టాండుకి.

నిరుడు ఓ ఆదివారం కొడుకు తన పక్క మంచం పిల్లాణ్ని వెంటబెట్టుకొచ్చాడు. "వీడి కోసం ఎవరూ రారమ్మా" అన్నాడట. ఆ అబ్బాయికి తల్లి లేదు. తండ్రి మేస్త్రీ పనికి ముంబై వెళ్లి అక్కడే ఇంకో పెళ్లి చేసుకున్నాడు. అచ్చంపేట అవతల పల్లెలో నాయనమ్మ ఉంది. సెలవులకి వచ్చి తీసుకెళ్తుంది, మధ్యలో రాలేదు. ఆ పూట ఆ పిల్లాడు తిన్న తీరు చూసి ఈవిడకి కడుపు తరుక్కుపోయింది. మరుసటి నెల నుంచి క్యారేజీకి ఇంకో గిన్నె తోడైంది. తిన్నాక గిన్నెలన్నీ కుళాయి దగ్గరికి తీసుకెళ్లి కడిగి, తుడిచి, వరసగా పేర్చి తెచ్చేది ఆ అబ్బాయే.

ఇప్పుడు ఆ అబ్బాయి ఈవిణ్ని 'అమ్మా' అని పిలుస్తున్నాడు. స్కూలు ఫోన్‌లో మాట్లాడటానికి ఇంటివాళ్ల నంబర్లు రాసుకుంటే, ఈవిడ నంబరు 'పెద్దమ్మ' అని రాయించాడు. రెండు రోజులకోసారి ఫోన్ చేస్తాడు. కొడుకేమో ముభావంగా తయారయ్యాడు. దసరా సెలవుల తర్వాత వచ్చిన రెండో ఆదివారం, క్యారేజీ విప్పి లెగ్ పీసు ఆ అబ్బాయి పళ్లెంలో వేయగానే కొడుకు లేచి గ్రౌండు వైపు వెళ్లిపోయాడు. డార్మిటరీలో పిల్లలు "మీ అమ్మ ఇప్పుడు వాడికి అమ్మ రా" అని ఏడిపిస్తున్నారని తర్వాత తెలిసింది. పోయిన నెల వాడు తెగేసి చెప్పాడు: "వాడొస్తే నేను రాను."

ఇది చాలదన్నట్టు వచ్చే నెల వార్షికోత్సవం. ఆ అబ్బాయికి వ్యాసరచనలో, ఖోఖోలో బహుమతులు వచ్చాయి. బహుమతి వచ్చిన పిల్లల తల్లిదండ్రుల్ని స్టేజీ మీదికి పిలవడం ఆ స్కూలు ఆనవాయితీ. "వాడికింకెవరున్నారమ్మా, మీరే రండి" అని హౌస్ మాస్టర్ ఫోన్ చేశారు. కన్నకొడుక్కి ఏ బహుమతీ లేదు, ఒగ్గుడోలు బృందంలో వెనక వరసలో ఉన్నాడు. ఆ అబ్బాయి ఎండాకాలం సెలవులకి "మీ ఇంటికొస్తా" అని కూడా అడుగుతున్నాడు. భర్త మాత్రం "రేపు పిల్లాడికి ఏదన్నా అయితే వాళ్ల వాళ్లొచ్చి మన మీద పడతారు" అంటున్నారు. ఉత్తరం చివర్లో ఆవిడ ఇలా రాశారు: "ఆ పసివాడి ముందు క్యారేజీ మూసుకుని కూర్చోలేను. నా కొడుకు మొహమూ చూడలేకపోతున్నాను. ఏం చేయమంటారు?"

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ఒక చోట కొడుకు గురించి "వీడికింత స్వార్థం ఎక్కణ్నించి వచ్చిందో" అని రాసి, మళ్లీ కొట్టేశారు. కొట్టేసి మంచి పని చేశారు. ఆ అబ్బాయిని చెట్టు కిందికి తీసుకొచ్చింది మీ వాడే కదా. ఎవరూ చెప్పకుండానే, పక్క మంచం పిల్లాడు ఒంటరిగా ఉన్నాడని చూసి చెయ్యి పట్టుకుని తెచ్చాడు. స్వార్థం ఉన్నవాడు ఆ పని చేయడు. కూర పంచుకుందామని తెచ్చాడు, కానీ అమ్మను కూడా పంచుకోవాల్సి వస్తుందని అప్పుడు వాడికి తెలీదు. మీకూ తెలీదు.

హాస్టల్లో ఉండే పిల్లాడికి సొంతమంటూ ఏముంటుందో ఒక్కసారి చూడండి. స్నానానికి వరస, పళ్లానికి వరస, స్టడీ అవర్‌లో వరస. పడుకునే చోట నలభై మంది. ఒక ట్రంకు పెట్టె, మొలతాడుకి కట్టుకున్న దాని తాళం చెవి. అంతే. పదకొండు నుంచి మూడున్నర దాకా అంటే నెలకు నాలుగున్నర గంటలు. పండగ సెలవులు పక్కన పెడితే, ఏడాదికి పది నెలలు వేసుకున్నా నలభై అయిదు గంటలు. మీ వాడికి మీరు దొరికే సమయం ఇదే. ఇంటి దగ్గర పెరిగే పిల్లాడికి అమ్మ రోజంతా ఉంటుంది కాబట్టి చుట్టాల పిల్లలు నాలుగు రోజులున్నా సర్దుకుంటాడు. మీ వాడు ఆ నాలుగున్నర గంటల్ని నెల మొత్తం లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. ఎవరు తిట్టారో, ఏ లెక్క రాలేదో, ఎవరితో గొడవైందో మీకు చెప్పాలని దాచుకుంటాడు. పక్కన ఇంకో పిల్లాడు, అదీ తన డార్మిటరీ వాడే కూర్చుని ఉంటే ఏం చెప్తాడు?

లెగ్ పీసు సంగతి కూడా అలాంటిదే. వచ్చినవాడికి ముందు, మన పిల్లాడికి తర్వాత అన్నది మన ఇళ్లలో మర్యాద. మీరూ అదే చేశారు. ఇంట్లో అయితే వాడికి రాత్రి అన్నంలో ఆ వాటా దక్కుతుంది. హాస్టల్లో ఆ రాత్రి ఉండదు. అయినా కోడికి రెండు కాళ్లుంటాయి కదమ్మా, ఈసారి రెండూ పెట్టుకెళ్లండి.

ఇక ఆ అబ్బాయి గురించి. అతను కూర కోసం వస్తున్నాడని మీవారు అనుకుంటున్నట్టుంది. గురుకులాల్లో తిండికి మరీ కరువేం లేదు. తిండికని ప్రభుత్వం ఇచ్చే డైట్ ఛార్జీలు ఏడో తరగతి పిల్లాడికి నెలకు 950 రూపాయలుండేవి, 2024 చివర్లో 1,330 అయ్యాయి. ఇంటి వంట రుచి దానికి రాదు, నిజమే. కానీ ఆ అబ్బాయి గిన్నెలు కడిగి, తుడిచి, పేర్చి తెస్తున్నాడన్నారు చూడండి, నన్ను అక్కడే ఆపేసింది. మీ వాడు కడగడు. ఎందుకంటే ఆ దుప్పటి మీద తన చోటు ఎక్కడికీ పోదని వాడికి తెలుసు. ఆ అబ్బాయికి ఆ నమ్మకం లేదు, ప్రతి నెలా తన చోటుకి బాడుగ కట్టుకుంటున్నాడు. గిన్నెలు ఇకమీదట ఇద్దరి చేతా కడిగించండి, లేదా మీరే కడుక్కోండి. ఇది ఎవరినీ అడగకుండా చేయగలిగిన పని.

ఇప్పుడు ఆదివారం ఏం చేయాలన్నది చూద్దాం. నాకు కనిపిస్తున్న దారులు ఇవి.

మొదటిది, ఆ అబ్బాయిని పిలవడం పూర్తిగా మానేయడం. మీవారు కోరుకునేది ఇదే. కొడుకు కూడా ప్రస్తుతానికి ఇదే అడుగుతున్నాడు. కానీ ఆ అబ్బాయి అదే ఆవరణలో ఉంటాడు, చెట్టు కింద మీ దుప్పటి వాడికి కిటికీలోంచి కనిపిస్తుంది. ఎందుకు మానేశారో అరగంటలో డార్మిటరీ అంతా తెలిసిపోతుంది. "వీడే చెప్పి ఆపించాడు" అన్న మాట మీ వాడి మీద పడుతుంది. వాడు గెలిచినట్టే ఉంటుంది గానీ ఆ పిల్లాడి పక్క మంచం మీద పడుకోవాల్సింది వాడే.

రెండోది, ఇప్పటిలాగే నడిపించడం, "వాడే సర్దుకుంటాడులే" అనుకోవడం. ఇది నాకు మొదటిదాని కంటే భయంగా ఉంది. మీ వాడు ఎదురుతిరిగేది మీ మీద కాదు, మీరు లేని మిగతా రోజుల్లో ఆ అబ్బాయి మీద. పెట్టెలో పుస్తకం మాయమవడం, ఆటలో చేర్చుకోకపోవడం, పదిమంది ముందు ఒక మాట అనడం. హాస్టల్ పిల్లలకి ఇవన్నీ తెలుసు. మీకు తెలిసేసరికి చాలా జరిగిపోయి ఉంటుంది.

మూడోది, సమయాన్ని విడదీయడం. నాకు ఇది నచ్చింది. పదకొండు నుంచి ఒంటిగంట దాకా కొడుకుతో మీరొక్కరే ఉండండి. ఆ రెండు గంటలు ఆ అబ్బాయి ఊసే ఎత్తకండి, వాడు ఎత్తితే తప్ప. ఒంటిగంటకి ఆ అబ్బాయి వస్తాడు, ముగ్గురూ కలిసి తింటారు. తిన్నాక పిల్లలిద్దరూ ఆడుకోవాలంటే ఆడుకుంటారు, లేదంటే ఆ అబ్బాయి వెళ్లిపోతాడు. ఈ మాట ఆ అబ్బాయికి మీరే చెప్పాలి, కొడుకు చేత చెప్పించకూడదు. "నాన్నా, ముందు మేమిద్దరం ఇంటి సంగతులు మాట్లాడుకుంటాం, నువ్వు ఒంటిగంటకి అన్నానికి రా" అనండి. మొదటిసారి మొహం చిన్నబుచ్చుకుంటాడు. అయినా ఒంటిగంటకి పళ్లెం సిద్ధంగా ఉందని నాలుగు నెలలు చూస్తే, రోజంతా మీ పక్కన బిక్కుబిక్కుమంటూ కూర్చోవడం కంటే అదే అతనికి ధీమా ఇస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది, దానికి కొంచెం చొరవ కావాలి. ఆ స్కూల్లో ఎవరూ రాని పిల్లాడు ఇతనొక్కడే అయి ఉండడు. ఏ గురుకులంలో చూసినా రెండో ఆదివారం మధ్యాహ్నం మెస్‌లో మామూలుగా తినేసి, గేటు వైపు రాకుండా వెనక మెట్ల మీద కూర్చునే పిల్లలు కొందరుంటారు. తండ్రి వలస పోయినవాళ్లు, తల్లి ఒక్కతే కూలికి వెళ్లేవాళ్లు, మరీ దూరం ఊళ్లవాళ్లు. మీలా ప్రతి నెలా వచ్చే తల్లులు ఇంకో ముగ్గురు నలుగురు మీకు తెలిసే ఉంటారు. చెట్టు కింద పక్కపక్క దుప్పట్ల పరిచయం చిన్నదేం కాదు. అందరూ కలిసి భోజనాల వేళ ఒక్కచోట కూర్చుని, అలాంటి పిల్లల్ని నలుగురినీ పిలిస్తే, అప్పుడు ఏ పిల్లాడూ ఏ తల్లికీ అతుక్కుపోడు. "మీ అమ్మ వాడి అమ్మ" అనే మాటకి పస ఉండదు. ప్రిన్సిపాల్‌ని ముందే అడగండి. ఫుడ్ పాయిజనింగ్ కేసులు అయినప్పట్నుంచీ బయటి తిండి మీద పట్టింపు పెరిగింది, వేరే పిల్లలకి పెట్టాలంటే వాళ్లకి తెలిసి ఉండటం మంచిది. వద్దంటే, కనీసం ఆ పూట ఆ పిల్లలకి లైబ్రరీ తెరిచి ఉంచమనో, ఓ మ్యాచ్ పెట్టించమనో అడగొచ్చు. అది స్కూలు చేయాల్సిన పనే.

వార్షికోత్సవం దగ్గరికి వద్దాం. ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. మీరు ఆ అబ్బాయి తల్లిగా స్టేజీ ఎక్కొద్దు. హౌస్ మాస్టర్ మంచి మనసుతోనే అడిగారు, కాదనను. కానీ ఆయన రెండో పిల్లాడి సంగతి మర్చిపోయారు. మైకులో ఆ అబ్బాయి పేరు, వెనకే మీరు, ఫొటో, చప్పట్లు. కింద డోలు భుజానికి తగిలించుకుని తన వంతు కోసం నిలబడి మీ వాడు చూస్తుంటాడు. ఆ ఏడిపించే పిల్లలంతా వాడి చుట్టూనే ఉంటారు. తర్వాత మీరు ఎన్ని ఆదివారాలు విడదీసి ఇచ్చినా ఆ రోజు మర్చిపోవడం కష్టం.

మరి ఆ అబ్బాయి పక్కన ఎవరు నిలబడాలి? ముందు నాయనమ్మని అడగండి. ఇంతవరకూ ఆవిడతో మీరు మాట్లాడినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. తన మనవడు ఇంకొకరిని అమ్మా అంటున్నాడని ఆవిడకి తెలుసా? తెలిస్తే ఊరట పడుతుందో, నొచ్చుకుంటుందో. రెండింటిలో ఏదైనా మీరు తెలుసుకోవాలి. ఆవిడ రాకపోవడానికి డబ్బులు కారణం కాకపోవచ్చు. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు, ఆధార్ కార్డు ఉంటే చాలు. అచ్చంపేట నుంచి డిండి, దేవరకొండ మీదుగా రావాలి. ముసలావిడకి బస్సు మారడం భయం, సాయంత్రమైతే తిరిగి వెళ్లలేదు, రాత్రి ఎక్కడ పడుకోవాలి? చాలామంది నాయనమ్మలు ఆగిపోయేది ఇక్కడే. దేవరకొండ బస్టాండులో ఎవరైనా కలుసుకుని వెంట తీసుకొస్తే, ఆ రాత్రి మీ ఇంట్లో పడుకుంటే, ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. ఏడాదిగా మీరు వండిన బగారా అన్నం కంటే ఇది పెద్ద సాయం. ఆ అబ్బాయికి తనవాళ్లు తన కోసం వచ్చారని నలుగురి ముందూ తెలుస్తుంది.

ఆవిడ రాలేనంటే, హౌస్ మాస్టర్నే పక్కన నిలబడమనండి. ఇందులో చిన్నతనమేం లేదు. 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టిన నాటి నుంచీ ఈ స్కూళ్ల పద్ధతే అది. టీచర్లు పిల్లలతో కలిసి ఉండాలి, పాఠం చెప్పినవాళ్లే పెద్దదిక్కు కావాలి. రాత్రి జ్వరమొస్తే ఆ పిల్లాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లేది ఆయనే కదా. స్టేజీ మీద నిలబడే హక్కు ఆయనకి మీకంటే ఎక్కువే ఉంది.

ఈ రెండూ కుదరక మీరే ఎక్కాల్సి వస్తే, ముందు కొడుకుని అడగండి. నిజంగా అడగండి, ఒప్పించడానికి కాదు. వాడు వద్దంటే వద్దు. సరే అంటే, వాణ్ని కూడా పైకి రమ్మనండి, స్నేహితుడిగా. ఏది జరిగినా ఒగ్గుడోలు మొదలయ్యేటప్పుడు మీరు ముందు వరసలో ఉండాలి, చేతిలో ఎవరి షీల్డూ లేకుండా. మీవారికి ఆ రోజు బండి లేకపోతే ఆయన్నీ తీసుకెళ్లండి. వెనక వరసలో కొట్టేవాడు దెబ్బ తప్పితే ముందువాళ్ల అడుగులు చెదురుతాయి. ఏ చోట వాయించాడో గమనించి, ఆ సాయంత్రం వాడితో దాని గురించే మాట్లాడండి.

డార్మిటరీలో ఏడిపింపుల సంగతి హౌస్ మాస్టర్‌కి చెప్పండి, కానీ మీ వాడు చెప్పాడని తెలియకూడదు. మిగిలింది ఆయన చూసుకుంటారు.

ఎండాకాలం సెలవుల విషయంలో మీవారి భయాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. ఆయన మొరటుగా అన్నారేమో గానీ, అన్న మాటలో న్యాయం ఉంది. తండ్రి బతికే ఉన్నాడు. ఎంత పట్టించుకోకపోయినా చట్టం దృష్టిలో అతనే సంరక్షకుడు. స్కూలు కూడా రికార్డుల్లో ఉన్నవాళ్లకే పిల్లాణ్ని అప్పగించాలి. కాబట్టి నోటిమాట మీద ఒక్క రాత్రి కూడా ఇంటికి తెచ్చుకోవద్దు. తండ్రి గానీ నాయనమ్మ గానీ రాసిచ్చిన కాగితం ప్రిన్సిపాల్ చేతికి వెళ్లాకే కదలాలి. అది ఉంటే మీవారికీ టెన్షన్ తగ్గుతుంది.

కాగితం వచ్చినా సెలవులన్నీ ఉంచుకోవడానికి నేను ఒప్పుకోను. సెలవులు మీ కొడుక్కి ఇల్లు దొరికే రోజులు. మే నెలలో ఓ వారం, వచ్చే రోజూ వెళ్లే రోజూ ముందే చెప్పి, వాడు సరేనంటేనే పిలవండి. ఈ ఏడాది వద్దంటే "ఇప్పుడు కుదరదు నాన్నా" అని ఆ అబ్బాయికి సూటిగా చెప్పేయండి. "చూద్దాంలే" అనకండి. తల్లి పోయి, తండ్రి వెళ్లిపోయిన పిల్లాడు ఆ "చూద్దాం" పట్టుకుని ఏప్రిల్ దాకా ఎదురుచూస్తాడు.

నాయనమ్మకి చెప్పాల్సింది ఇంకోటి ఉంది. ఆదుకునేవాళ్లు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకి మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000 దాటకూడదు. ఈ దరఖాస్తులు చూసేది జిల్లా బాలల పరిరక్షణ విభాగం. ఎవరిని కలవాలో తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. దరఖాస్తు పెట్టడంలో మీరు ఆవిడకి సాయపడొచ్చు. ఎప్పుడైనా "మేమే పెంచుకుందాం" అన్న ఆలోచన మీకొస్తే దానికి దారి వేరు, అది బాలల సంక్షేమ సమితి ద్వారా జరగాలి. ఇప్పుడు మాత్రం ఆ ఆలోచన పెట్టుకోకండి.

చివరిగా ఫోన్. రెండు రోజులకోసారి అన్నది వారానికోసారి చేయండి, రోజు మీరే చెప్పండి. రికార్డులో 'పెద్దమ్మ' తీయించి 'స్నేహితుడి తల్లి' అని రాయించండి. రేపు అత్యవసరంలో స్కూలు పెద్దమ్మకి ఫోన్ చేస్తే మీరు సంతకం పెట్టలేరు. మీ నంబరు పైన నాయనమ్మ నంబరు ఉండాలి. 'అమ్మా' అనడం మాత్రం మాన్పించకండి, అలా పిలిస్తే పోయేదేం లేదు. ఇక కొడుకు ఫోన్ చేసినప్పుడు "వాడు తిన్నాడా, వాడికి జ్వరం తగ్గిందా" అని మొదలుపెడుతున్నారేమో చూసుకోండి. వాడితో మాట్లాడేటప్పుడు వాడి గురించే అడగండి.

నాయనమ్మ నంబరు మీ దగ్గర లేకపోతే హౌస్ మాస్టర్ దగ్గర ఉంటుంది. స్టేజీ సంగతి ఆయనకి ఎలాగూ జవాబు చెప్పాలి కాబట్టి, ఆ ఫోన్‌లోనే నంబరు అడిగి తీసుకోండి.